వెనక్కి తిరిగే టైమ్ చెప్పే వాచీ

నాలుగు రోజుల ట్రెక్‌కి బ్యాగ్ సర్దడం నాకిప్పుడు గంట పని. ఎన్ని జతల సాక్సులు, టార్చి ఏ జేబులో, వాన కోటు పైనా కిందా అన్నీ అలవాటైపోయాయి. కానీ జిప్పు వేశాక కూడా ఒక విషయం తేలకుండా ఉండిపోయేది. చేతికి ఏ వాచీ పెట్టుకెళ్లాలి? బల్ల మీద మూడు వాచీలు వరసగా పెట్టుకుని, తెల్లవారుజామున బయలుదేరాల్సి ఉన్నా రాత్రి పదకొండు దాకా ఆలోచిస్తూ కూర్చున్న రోజులున్నాయి.

వాటిలో ఒకటి నాన్న ఇచ్చిన కీ వాచీ. రెండోది జీపీఎస్ ఉన్న స్మార్ట్‌వాచీ. మూడోది సోలార్‌తో నడిచే డైవర్ వాచీ, అంటే నీళ్ళలో మునిగేవాళ్ళ కోసం చేసే రకం. మామూలు ముళ్ళే, డయల్ చుట్టూ చేత్తో తిప్పే రింగు ఒకటి ఉంటుంది, అంతే. మూడింటినీ కొండల మీద వాడాను. ఇప్పుడు నాకు సందేహం లేదు, మూడోదే. వాచీ కొండ మీద చేయాల్సిన ముఖ్యమైన పని ఎంత ఎత్తు ఎక్కామో చెప్పడం కాదు, ఎప్పుడు వెనక్కి తిరగాలో చెప్పడం. ఆ పనిని ఏది బాగా చేస్తుందో దాన్నే పెట్టుకోవాలని నా వాదన. మిగతా గుణాలన్నీ దాని తర్వాతే.

ఈ అభిప్రాయం ఒక సాయంత్రం నుంచి వచ్చింది. అది ఒక ట్రెక్‌లో మూడో రోజు. పొద్దున ఆరుకి బయలుదేరాం, చేతికి స్మార్ట్‌వాచీ ఉంది. దారి పొడుగునా దాన్ని కనీసం వంద సార్లు చూసి ఉంటాను. ఎంత దూరం నడిచాం, ఇంకెంత ఎక్కాలి, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఇవన్నీ పెద్ద అంకెల్లో కనిపించేవి. టైమ్ మాత్రం ఒక మూలన చిన్నగా ఉండేది. ఇంకా 180 మీటర్ల ఎత్తే ఉంది, ఇంకా 120 మీటర్లే ఉంది అని లెక్కపెట్టుకుంటూ శిఖరం చేరేసరికి రెండూ నలభై అయింది. పైన అరగంట కూర్చున్నాం. దిగడం మొదలుపెట్టిన కాసేపటికి బ్యాటరీ అయిపోతోందని వాచీ చెప్పింది. ఇంకొంతసేపటికి తెర నల్లబడింది. అడవిలోకి వచ్చేసరికి చెట్ల కింద చీకటి, ముగ్గురికి ఒక్క టార్చి. రెండు గంటలు రాళ్ళ మీద అడుగులో అడుగు వేసుకుంటూ దిగాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మాలో ఒకరికి కాలు బెణికి ఉంటే ఆ రాత్రి ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ నాకు టెన్షనే.

ఆ వాచీ చెడ్డదని నేను అనడం లేదు. నేను అడిగినవన్నీ చెప్పింది. అడగాల్సింది నేను అడగలేదు. ఎంత మిగిలిందో చూపించే అంకె కళ్ళముందు ఉంటే మనసు పైకే లాగుతుంది, ఎంత వెలుగు మిగిలిందన్న ప్రశ్న అసలు రాదు.

కొండలెక్కేవాళ్ళు దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. బయలుదేరక ముందే, మనసు స్థిమితంగా ఉన్నప్పుడే, వెనక్కి తిరిగే టైమ్ ఒకటి అనుకోవాలి. ఆ టైమ్‌కి శిఖరం అందినా అందకపోయినా తిరగాలి. 1996 మే 10, 11 తేదీల్లో ఎవరెస్ట్ మీద తుపానులో చిక్కుకుని ఎనిమిది మంది చనిపోయారు. మధ్యాహ్నం రెండు గంటలకల్లా తిరిగిపోవాలన్నది అక్కడ అందరికీ తెలిసిన మాట, అయినా రెండు దాటిన చాలాసేపటి తర్వాత కూడా కొందరు పైకే వెళ్తున్నారు. తాళ్ళు కట్టడంలో ఆలస్యం, ఇరుకు దారిలో రద్దీ, ఇలా కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కదాని మీదికి నెట్టడం న్యాయం కాదు. కానీ అక్కడ అందరి చేతికీ వాచీలుండే ఉంటాయి, టైమ్ తెలియక కాదు. పైన ఉన్నప్పుడు టైమ్‌కి విలువ ఇవ్వడం ఎంత కష్టమో అది చదివాకే నాకు అర్థమైంది.

మనం వెళ్ళే చిన్న కొండలకీ ఇదే వర్తిస్తుంది, లెక్క కూడా సులువే. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే సుమారుగా 5 కిలోమీటర్ల నడకకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. 10 కిలోమీటర్ల దారిలో 900 మీటర్లు ఎక్కాలంటే రెండు గంటలూ గంటన్నరా కలిపి మూడున్నర గంటలు. ఇందులో ఆగడాలు, ఫొటోలు, నీళ్ళు తాగడాలు లేవు. బరువైన బ్యాగ్ లేదు. దిగడం గురించి నైస్మిత్ ఏమీ కలపలేదు. తర్వాత ఎరిక్ లాంగ్‌మ్యూర్ అనే ఆయన దాన్ని సవరించాడు. వాలు మెల్లగా ఉంటే దిగే ప్రతి 300 మీటర్లకి 10 నిమిషాలు తీసేయాలి, నిటారుగా ఉంటే 10 నిమిషాలు కలపాలి. అంటే నిటారు దిగుడు మనకి టైమ్ మిగల్చదు, తింటుంది. అలసిన మోకాళ్ళున్న ఎవరైనా ఈ మాటకి ఒప్పుకుంటారు.

నేను ఇంకా మొరటు లెక్క వేస్తాను. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు కిందికి చేరాలి. ఆరుకి పొద్దు గుంకితే నాలుగుకి. పొద్దున ఆరుకి బయలుదేరితే చేతిలో పది గంటలున్నాయి, అందులో సగం అయిదు. కాబట్టి వెనక్కి తిరిగే టైమ్ పదకొండు. దిగడానికి ఎక్కినంతసేపు పట్టకపోతే మంచిదే, కింద ఏటి ఒడ్డున కూర్చోవచ్చు. రెండు గంటల ముందే ఎందుకంటే క్యాలెండర్‌లో రాసిన సూర్యాస్తమయం సమతలానికి సంబంధించింది. లోయలో ఉంటే ఎదురు కొండ సూర్యుణ్ణి ఇంకా ముందే మింగేస్తుంది, దట్టమైన చెట్ల కింద ఇంకా ముందు. భూమధ్యరేఖకి దగ్గరవుతున్న కొద్దీ సంధ్యవెలుగు కూడా తక్కువసేపే ఉంటుంది, అక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. ధ్రువాల వైపు వేసవిలో వెళ్తే ఆ వెలుగు గంటల తరబడి ఉంటుంది. ఏ దేశంలో నడిచినా ముందు ఇది తెలుసుకోవాలి.

ఇప్పుడు ఆ రింగు సంగతి. డైవర్ వాచీల చుట్టూ తిరిగే రింగు నీళ్ళలో మునిగేవాళ్ళ కోసం పుట్టింది. 1953లో వచ్చిన బ్లాన్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్, అదే కాలంలో వచ్చిన రోలెక్స్ సబ్‌మెరైనర్ లాంటి వాచీలు దాన్ని అందరికీ పరిచయం చేశాయి. నీళ్ళలోకి దిగేటప్పుడు రింగు మీది త్రికోణం గుర్తుని పెద్ద ముల్లు దగ్గరికి తిప్పుతారు. ఆ తర్వాత ఎన్ని నిమిషాలయ్యాయో లెక్కపెట్టక్కర్లేదు, చూస్తే చాలు. తర్వాతి కాలంలో ఈ రింగుని ఒక్కవైపుకే, గడియారం ముళ్ళు తిరిగే దిశకి ఎదురుగా మాత్రమే తిరిగేలా చేశారు. రాయికో తాడుకో తగిలి రింగు జరిగినా, అయిన నిమిషాల కంటే ఎక్కువే అయినట్టు చూపిస్తుంది. మునిగినవాడు తొందరగా పైకి వస్తాడే తప్ప ఆలస్యంగా రాడు.

నేను దీన్ని నిమిషాలకి కాకుండా గంటలకి వాడతాను. పొద్దున బయలుదేరే ముందు త్రికోణాన్ని వెనక్కి తిరిగే గంట దగ్గర పెడతాను. పదకొండు అనుకుంటే పదకొండు అంకె పక్కన, పదకొండున్నర అయితే పదకొండుకీ పన్నెండుకీ మధ్యన. ఇక ఆ రోజంతా చూడాల్సింది చిన్న ముల్లుకీ ఆ త్రికోణానికీ మధ్య ఎంత ఎడముందన్నదే. అలసిపోయి ఉన్నా, ఆయాసపడుతున్నా, అందులో తీసివేతలూ కూడికలూ లేవు. చాలా రోజుల తర్వాత నేను గమనించిన విషయం ఇంకొకటుంది. దారిలో కొమ్మకి తగిలి రింగు జరిగిందనుకోండి, అది వెనక్కే జరుగుతుంది, అంటే పదకొండు నుంచి పది వైపుకి. నేను అనుకున్నదానికంటే ముందే తిరుగుతాను, అంతే. సముద్రం కోసం ఆలోచించి పెట్టిన జాగ్రత్త కొండకీ ఇంత కచ్చితంగా సరిపోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది. తప్పు జరిగినా మనకి మేలు చేసే వైపే జరగాలని ఎవరో కూర్చుని ఆలోచించారు. కొండ మీదికి తీసుకెళ్ళే ఏ వస్తువునైనా నేనిప్పుడు ఈ ఒక్క కొలతతోనే చూస్తున్నాను: ఇది పాడైతే ఏ వైపుకి పాడవుతుంది?

స్మార్ట్‌వాచీని ఈ కొలతతో చూస్తే దాని బలహీనత తెలుస్తుంది. పొద్దున బాగుంటుంది, సాయంత్రం పాడవుతుంది. జీపీఎస్ రోజంతా నడిస్తే బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది, అయిపోయేది సరిగ్గా మనకి ఎక్కువ అవసరమయ్యే వేళకి. చలిలో లిథియం బ్యాటరీలు ఇంకా తొందరగా నీరసపడతాయి. చేతికి ఉన్నంతసేపు ఒంటి వేడి కాపాడుతుంది గానీ, రాత్రి టెంట్‌లో తీసి పక్కన పెడితే పొద్దున తేడా కనిపిస్తుంది. పైగా ఛార్జర్, కేబుల్, పవర్ బ్యాంకు కూడా మోయాలి. ఎన్నో రోజులు ఛార్జింగ్ నిలిచే మోడళ్ళు ఇప్పుడు వస్తున్నాయి, అది నిజంగా మంచి మార్పు. అయినా ఛార్జ్ ఎంతుందన్నది రోజూ పట్టించుకోవాల్సిన ఇంకో విషయం, సెలవులకి వెళ్ళింది అలాంటివి తగ్గించుకోవడానికే కదా.

కానీ దాని మంచి గురించి కూడా చెప్పకపోతే అబద్ధమాడినట్టే. మంచు కమ్మి పదడుగుల దూరంలో ఏమీ కనిపించని వేళ, పొద్దున నడిచొచ్చిన దారిని గీతలాగా చూపించే వాచీ ప్రాణం నిలబెట్టగలదు. పడిపోతే గుర్తించి దగ్గరివాళ్ళకి కబురు పెట్టేవి ఉన్నాయి. సిగ్నల్ లేని చోట శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే కొత్త మోడళ్ళూ వచ్చాయి. ఒంటరిగా, గుర్తుల్లేని దారుల్లో తిరిగేవాళ్ళు అలాంటిది తీసుకోవాలనే నేనంటాను, దాని మీద వాదనే లేదు. మనలో ఎక్కువమంది సెలవుల్లో నడిచేది గుర్తులున్న దారిలో, నలుగురితో, జేబులో ఆఫ్‌లైన్ మ్యాప్ ఉన్న ఫోన్‌తో. ఆ నడకకి చేతి మీద రెండో ఫోన్ అక్కర్లేదు.

స్మార్ట్‌వాచీలో నేను నిజంగా వదులుకోలేకపోయింది ఒక్కటి, గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటర్. ఇది స్మార్ట్‌వాచీలది మాత్రమే కాదు. ఎత్తు, గాలి ఒత్తిడి, దిక్కు మూడూ చూపించే డిజిటల్ వాచీలు అంతకంటే ముందునుంచే ఉన్నాయి. 1998లో వచ్చిన సూంతో వెక్టర్, కాసియో ప్రో ట్రెక్ వరస ఆ కోవలోవి. వీటి పని తీరు తెలిస్తే వాటిమీద గౌరవం పెరుగుతుంది. పైకి వెళ్ళే కొద్దీ మన మీద గాలి బరువు తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర సుమారు 8 మీటర్లు ఎక్కితే ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది, పైన గాలి పలచబడే కొద్దీ అంతే తగ్గడానికి ఇంకా ఎక్కువ ఎక్కాలి. వాచీ ఒత్తిడిని కొలిచి దాన్ని ఎత్తుగా మార్చి చూపిస్తుంది. అది నిజంగా ఎత్తుని చూడడం లేదు, గాలిని చూస్తోంది. అందుకే వాతావరణం మారితే ఎత్తు అంకె కూడా మారిపోతుంది, మనం కదలకపోయినా. చాలామంది దీన్ని లోపం అనుకుని విసుక్కుంటారు. నాకు ఇదే దాని అసలు ఉపయోగం. సాయంత్రం టెంట్ వేసినప్పుడు ఎత్తు ఎంత చూపిస్తోందో గుర్తుపెట్టుకుంటాను. పొద్దున లేచి చూస్తే అదే చోట 40 మీటర్లు పెరిగి కనిపించిందనుకోండి, రాత్రికి రాత్రి కొండ పెరగలేదు, గాలి ఒత్తిడి పడిపోయింది. అంటే వాన వైపుకి వాతావరణం తిరుగుతోందని అర్థం. ఆకాశం నీలంగా ఉన్నా సరే, ఆ రోజు అనుకున్న టైమ్ కంటే గంట ముందే వెనక్కి తిరుగుతాను. దారిలో ఎత్తు రాసి ఉన్న బోర్డు కనిపించినప్పుడల్లా వాచీని దానికి సరిచేసుకోవాలి, లేకపోతే మధ్యాహ్నానికి ఆ అంకె నమ్మదగ్గది కాదు. బారోమీటర్ ఉన్న సోలార్ వాచీ, దానికి తోడు తిరిగే రింగు, రెండూ ఒకే వాచీలో ఉంటే అదే కొనుక్కోమంటాను. నా దగ్గరున్నదాంట్లో బారోమీటర్ లేదు. ఆ పని ఫోన్‌తో కానిచ్చుకుంటున్నాను, చాలా ఫోన్లలో ఆ సెన్సర్ ఉంటుంది.

ఇక నాన్న వాచీ. ఈ భాగం రాయడం నాకు కష్టం, ఎందుకంటే దాన్ని తీసుకెళ్ళాలన్న కోరిక ఇప్పటికీ పోలేదు. అపురూపమైన వాచీని డ్రాయర్‌లో పెట్టి ఏం లాభం, మంచి జ్ఞాపకాలుండే చోటికే తీసుకెళ్ళాలి, గీతలు పడితే అవీ జ్ఞాపకాలే అని నాతో వాదించిన స్నేహితులున్నారు. ఆ వాదనలో నిజముందని నమ్మే ఒకసారి పెట్టుకెళ్ళాను. రెండో రోజుకి అది రోజుకి పదిహేను నిమిషాలు ముందుకి నడవడం మొదలుపెట్టింది. కారణం తర్వాత తెలిసింది. బ్యాగ్‌లోంచి వచ్చే నీళ్ళ పైపు ఊగకుండా ఛాతీ పట్టీకి అంటుకునే క్లిప్పులో చిన్న అయస్కాంతం ఉంది. పట్టీ పెట్టుకునేటప్పుడల్లా, తీసేటప్పుడల్లా నా మణికట్టు దాన్ని ఆనుకునే వెళ్తోంది. కీ వాచీ లోపల జుట్టు కంటే సన్నటి స్ప్రింగు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. దానికి అయస్కాంతం అంటితే చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని స్ప్రింగు పొట్టిదైనట్టు అవుతుంది, వాచీ పరుగెడుతుంది. అయస్కాంతాన్ని తట్టుకుంటాయని చెప్పుకునే వాచీలకి ఐఎస్ఓ 764 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, మీటరుకి 4,800 ఆంపియర్ల అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకోవాలని. తగిలేంత దగ్గరికి వచ్చిన చిన్న అయస్కాంతం దాన్ని సులువుగా దాటేస్తుంది. వాచీలు బాగుచేసే మనిషి చిన్న యంత్రం మీద పెట్టి అర నిమిషంలో సరిచేశాడు. (ఆ క్లిప్పు దగ్గరికి దిక్సూచినీ తీసుకెళ్ళకండి, అదీ తప్పే చూపిస్తుంది.)

అదే ట్రెక్‌లో అద్దం మీద రెండు పెద్ద గీతలు పడ్డాయి. ఇందులో అదృష్టం దురదృష్టం ఏమీ లేదు, అంతా రాళ్ళ గట్టితనమే. గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో మామూలు వాచీ అద్దం 5, 6 మధ్య ఉంటుంది. గ్రానైట్ లాంటి చాలా రాళ్ళలో, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. కాబట్టి రాయికి ఆనించినా, ఇసుక అంటిన చేత్తో తుడిచినా అద్దం ఓడిపోవాల్సిందే. కొత్త వాచీల్లో వాడే సఫైర్ అద్దం 9, దాన్ని రాయి గీయలేదు. గట్టి దెబ్బకి పగలడం మాత్రం దానికీ ఉంది. పాత వాచీల్లో వచ్చే ప్లాస్టిక్ అద్దం అన్నిటికంటే మెత్తన, కానీ పగిలి ముక్కలవదు, గీతల్ని పాలిష్‌తో పోగొట్టుకోవచ్చు. కొండకి సఫైర్ మంచిదని నా అభిప్రాయం.

ఎవరెస్ట్ మీదికి వెళ్ళింది కీ వాచీలే కదా అంటారు. నిజమే. 1953 బృందానికి రోలెక్స్ వాళ్ళూ, ఇంగ్లండ్‌కి చెందిన స్మిత్స్ వాళ్ళూ వాచీలిచ్చారు. హిల్లరీ చేతి స్మిత్స్ వాచీ ఇప్పుడు లండన్‌లో గడియారాల మ్యూజియంలో ఉంది. ఆ రోజుల్లో బ్యాటరీ వాచీలు లేవు, ఇప్పుడు మామూలైపోయిన క్వార్ట్జ్ రకం చేతి గడియారం మొదటిసారి అమ్మకానికి వచ్చిందే 1969 డిసెంబర్‌లో, సీకో ఆస్ట్రాన్‌గా. నన్ను ఆకట్టుకునేది ఏ కంపెనీ వాచీ అన్నది కాదు. మే 29న టెన్జింగ్, హిల్లరీ శిఖరం చేరింది పదకొండున్నరకి. ఎవరూ చేరని చోటికి చేరి, పైన ఉన్నది దాదాపు పదిహేను నిమిషాలే. ఆక్సిజన్ ఎంతసేపు వస్తుందో హిల్లరీ దారంతా మనసులో లెక్కవేసుకుంటూనే ఉన్నాడు. పదిహేను నిమిషాల తర్వాత తిరిగారు. వాచీని ఎలా వాడాలో తెలిసినవాళ్ళ చేతికి ఉన్న వాచీ అది.

దెబ్బలకి తట్టుకునే వాచీ అనగానే గుర్తొచ్చే జీ-షాక్ కూడా ఒక తండ్రి ఇచ్చిన వాచీ నుంచే పుట్టింది. తండ్రి బహుమతిగా ఇచ్చిన వాచీ కిందపడి పగిలిపోయిన బాధలో కికువో ఇబే అనే కాసియో ఇంజనీరు పగలని వాచీ చేయాలని పట్టుబట్టాడు. పది మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకోవాలి, పది బార్ల (సుమారు వంద మీటర్ల లోతులో ఉండేంత) నీటి ఒత్తిడికి ఆగాలి, సెల్లు పదేళ్ళు రావాలి అని పెట్టుకుని, దాదాపు రెండు వందల నమూనాలు చేసి, 1983లో మొదటిది తెచ్చాడు. మామూలు వాచీలకి షాక్ ప్రమాణం ఒక మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క నేల మీద పడినంత దెబ్బ. కొండ మీద రాళ్ళ మధ్య ఒక మీటరు ఏ మూలకి? డబ్బు తక్కువలో కొండకి వాచీ కావాలంటే నేను మొదట చెప్పేది ఈ రకమే. ఇంకా తక్కువలో, ఇంకా తేలికగా కావాలంటే 1989 నుంచి వస్తున్న కాసియో ఎఫ్-91డబ్ల్యూ ఉంది. బరువు 21 గ్రాములే, సెల్లు ఏడేళ్ళు వస్తుంది. చీకట్లో దాని దీపం మరీ గుడ్డిది, అదొక్కటే ఇబ్బంది. వీటికి రింగు ఉండదు, బదులుగా అలారం ఉంటుంది. వెనక్కి తిరిగే టైమ్‌కి అలారం పెట్టుకోండి. గాలి హోరులో వినిపించకపోవచ్చు, కాబట్టి మధ్యమధ్యలో చూసుకోవాలి.

నాన్న వాచీని మళ్ళీ కొండకి తీసుకెళ్ళలేదు. దాని మీద భయం పెట్టుకుని నడవడం నాకు నచ్చలేదు. రాళ్ళు పట్టుకుని ఎక్కాల్సిన చోట చెయ్యి వెనక్కి లాక్కున్నాను, అద్దానికి తగులుతుందేమోనని. పట్టు కోసం చాచాల్సిన చెయ్యిని వెనక్కి లాగించే వాచీ కొండ మీద ప్రమాదం. చేతికి ఉన్న సంగతే మర్చిపోగలిగేది కావాలి.

స్ట్రాప్ గురించి కొంచెం. తోలు చెమటకి నాని వాసన వేస్తుంది. స్టీలు చైను ఎండలో కాలుతుంది, చేతి వెంట్రుకలు పీకుతుంది. గంటల తరబడి చేతులు కిందికి వేలాడేసి నడిస్తే మణికట్లు ఉబ్బుతాయి, మధ్యాహ్నానికి పొద్దున్నటి బిగుతు పనికిరాదు. దగ్గర దగ్గరగా రంధ్రాలున్న రబ్బరుదో, నైలాన్‌దో మంచిది. ఒకే పట్టీగా వాచీ అడుగు నుంచి దూరి వచ్చే నైలాన్ స్ట్రాప్‌ని నాటో స్ట్రాప్ అంటారు, 1973 నాటి బ్రిటిష్ రక్షణ శాఖ ప్రమాణం నుంచి వచ్చింది. అందులో ఒకవైపు పిన్ను ఊడినా రెండో పిన్ను వాచీని పట్టుకునే ఉంటుంది. ఇది కూడా మంచి వైపుకి పాడయ్యే వస్తువే. కర్రలతో నడిచేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. కర్ర పట్టీ, వాచీ ఒకే చోట పడతాయి, వాచీ పక్కనుండే కీ బొడిపె చేతి వెనకభాగంలోకి గుచ్చుకుంటుంది. నేను వాచీని మణికట్టు పైకి రెండు వేళ్ళు జరిపి పెట్టుకుంటాను.

నీళ్ళ విషయం తొందరగా చెప్పేస్తాను. వాచీ వెనక 30 మీటర్లు అని ఉంటే 30 మీటర్ల లోతుకి వెళ్ళొచ్చని కాదు, వాన చినుకులు, చేతులు కడుక్కోవడం వరకే. ఏరు దాటాలి, ఈత కొట్టాలి అంటే 100 మీటర్లు ఉండాలి. వేడి నీళ్ళ బుగ్గలో, ఆవిరి గదిలో ఏ వాచీనైనా తీసెయ్యండి.

చీకట్లో వెలిగే ముళ్ళని మనం ఇంకా రేడియం అనే అంటున్నాం. రేడియం సగానికి తరగడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. వంద ఏళ్ళ కిందట అమెరికాలో దాన్ని కుంచెలతో డయళ్ళ మీద పూసిన అమ్మాయిల్లో కొందరు, కుంచె మొన కోసం పెదాలతో తడిపి, ఎముకలు కుళ్ళి చనిపోయారు. ఇప్పటి వాచీల్లో రేడియం లేదు. స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పదార్థం పగటి వెలుగు తాగి రాత్రి వదులుతుంది. తెల్లవారుజామున మూడింటికి టెంట్‌లో, పక్కవాళ్ళని లేపకుండా టైమ్ చూడడానికి అంతకంటే మంచిది నాకు తెలియదు.

ముళ్ళున్న వాచీతో దిక్కు తెలుసుకోవచ్చని చాలామంది చెబుతారు. ఉత్తరార్ధగోళంలో చిన్న ముల్లుని సూర్యుడి వైపు తిప్పితే, ఆ ముల్లుకీ పన్నెండుకీ సరిగ్గా మధ్యన దక్షిణం. దక్షిణార్ధగోళంలో పన్నెండుని సూర్యుడి వైపు తిప్పాలి, మధ్యన వచ్చేది ఉత్తరం. సమశీతోష్ణ ప్రాంతాల్లో సుమారుగా పనిచేస్తుంది. ఉష్ణమండలంలో మాత్రం దీన్ని నమ్మొద్దు. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, కొన్ని నెలలు ఉత్తరం వైపుకి కూడా వెళ్తాడు. దిక్సూచి బరువు ఎంతని?

వెలుగు కొలవడానికి మాత్రం చెయ్యి చాలు. చెయ్యి ముందుకి చాచి, వేళ్ళు అడ్డంగా పెట్టి, సూర్యుడికీ కొండ అంచుకీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో చూడండి. ఒక్కో వేలు సుమారు పావుగంట, నాలుగు వేళ్ళు గంట. వాచీ చెప్పేదాన్ని దీంతో సరిచూసుకోవడం నాకు అలవాటు. వేరే దేశానికి వెళ్ళినప్పుడు ఇది ఇంకా పనికొస్తుంది. అక్కడి టైమ్‌కి వాచీ మార్చుకున్నా, పొద్దు ఎన్నింటికి గుంకుతుందన్న విషయంలో ఒళ్ళు ఇంకా పాత ఊరి లెక్కలోనే ఉంటుంది.

సెలవులకి రెండు వాచీలు తీసుకెళ్ళమనేవాళ్ళతో నేను ఏకీభవించను, కొండకొకటి, సాయంత్రం బయటికి వెళ్ళడానికొకటి అని. రెండోది గదిలో ఉన్నంతసేపు ఎవరైనా తీస్తారేమోనని బెంగ. పగలంతా కొండ మీద ఉన్న వాచీని సబ్బుతో కడిగితే సాయంత్రానికి అదే బాగుంటుంది.

పోయిన ట్రెక్‌కి బయలుదేరే ముందు రింగు పన్నెండు దగ్గర పెట్టి, మిగతా ఇద్దరికీ చూపించాను. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నది. టైమ్ ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరే మనసు మార్చుకుంటే చాలు, అందరూ పైకి వెళ్ళిపోతారు. దారిలో రాత్రి వాన వల్ల ఏరు పొంగి ఉంది, దాటడానికి గంట పట్టింది. ఆ తర్వాత ఎక్కుడు నిటారుగా ఉంది. చివరి మలుపు తిరిగేసరికి శిఖరం ఎదురుగా కనిపించింది, ఇంకో నలభై నిమిషాలు నడిస్తే చేరిపోతాం అన్నంత దగ్గరగా. నేను అడుగు ఆపలేదు. వెనక నుంచి స్నేహితుడు వచ్చి నా మణికట్టు పట్టుకుని వాచీ తన వైపు తిప్పుకుని చూశాడు.

"ముల్లు గుర్తు దాటింది" అన్నాడు.

అక్కడే నీళ్ళు తాగి, శిఖరానికి ఒక ఫొటో తీసుకుని, దిగడం మొదలుపెట్టాం. అయిదింటికి, ఇంకా ఎండ ఉండగానే, షూ లేసులు విప్పుకుంటున్నాం.